రేపటి ఎండ, ఎల్లుండి మబ్బు



మాఘమాసం చివరికొచ్చింది. పొద్దున దుప్పటి వదలబుద్ధి కావడం లేదు. మధ్యాహ్నమయ్యేసరికి ఫ్యాను వేయక తప్పడం లేదు. రాత్రికి మళ్లీ దుప్పటి. ఈ రోజుల్లో మన ఇళ్లలో, మన పొలాల్లో ఒకే ప్రశ్న వినిపిస్తుంది. రేపు ఎండ కాస్తుందా?

మా అమ్మ ఏటా ఈ రోజుల్లోనే ఈ ప్రశ్న అడుగుతుంది. ఎందుకంటే ఆవిడ బూడిద గుమ్మడికాయ వడియాలు పెట్టాలి. వడియాలు పెట్టే ఇల్లాళ్లకి ఆ పని సంగతి నేను చెప్పక్కర్లేదు. ముందురోజు సాయంత్రమే కాయ కొయ్యాలి. చిన్న ముక్కలు తరగాలి. ఉప్పు, పసుపు కలిపి గుడ్డలో మూటకట్టి, పైన బరువు పెట్టి, రాత్రంతా నీరు కారనివ్వాలి. మినప్పప్పు నానబెట్టాలి. తెల్లారకముందే గట్టిగా రుబ్బాలి. ఎండ డాబా ఎక్కేసరికి వడియాలు గుడ్డ మీద ఉండాలి. మొదటి రోజు పైన ఎండుతాయి. రెండో రోజు ఒలిచి తిరగేస్తాం. మూడో రోజుకి గలగలమంటాయి. మధ్యలో ఒక్క పూట మబ్బు పట్టిందా, బూజు వాసన వస్తుంది. కాయా పోయింది, పప్పూ పోయింది.

అంటే ఆవిడకి కావలసింది మూడు రోజుల ఎండ. వాతావరణ శాఖ వాళ్లు స్వల్పకాలిక సూచన అని చెప్పేది కూడా సరిగ్గా ఈ మూడు రోజులకే. డెబ్బై రెండు గంటలకి. మూడు రోజుల నుంచి పది రోజుల దాకా చెప్పేది మధ్యకాలిక సూచన. అది వేరే లెక్క. ఇవాళ నేను మాట్లాడేది ఈ మూడు రోజుల సూచన గురించే. మన డాబా మీద వడియాలకీ, కల్లంలో మిర్చికీ, మామిడి పూతకీ, రేపు ఎక్కబోయే రైలుకీ పనికొచ్చేది అదే.

ఆ సూచనని ఎలా వినాలి? ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు. వాతావరణ సూచన ఆకుకూర లాంటిది. ఏ పూటకాపూట తాజాది తెచ్చుకోవాలి. నిన్నటి కట్ట ఇవాళ వాడిపోతుంది. ఈ మాట ఇంకోసారి కూడా చెప్తాను. విసుక్కోకండి.

ముందు దేశమంతా ఒకసారి చూద్దాం. జనవరి, ఫిబ్రవరి నెలల్ని వాతావరణ శాఖ శీతాకాలంగా లెక్కపెడుతుంది. మార్చి ఒకటి నుంచి వాళ్లకి వేసవి ముంగిలి. మన పెద్దలు మాత్రం క్యాలెండరు చూడలేదు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందన్నారు. ఆ మాటలో నిజముంది. సంక్రాంతి దాటాక సూర్యుడు ఉత్తరానికి జరుగుతూ వస్తాడు. విజయవాడలో డిసెంబరు ఆఖర్లో ఉన్న పగటికంటే ఫిబ్రవరి ఆఖరి పగలు అరగంటకు పైగా ఎక్కువ. ఆ అరగంట ఎండే నేలని వేడెక్కిస్తుంది.

కానీ మన దేశం ఒక్క డాబా కాదు కదా. మా వీధిలో ఒక ఇంటి అబ్బాయి సైన్యంలో ఉన్నాడు. కాశ్మీరులో, కుప్వారా వైపు. వాళ్లమ్మ రేడియోలో వాతావరణం వినేటప్పుడు మన జిల్లా కోసం ఆగదు. జమ్మూ కాశ్మీరు, హిమాచల్, ఉత్తరాఖండ్ అనే మాట రాగానే చేతిలో పని ఆపేస్తుంది. ఆ అబ్బాయి సెలవుకి వచ్చినప్పుడు ఒక సంగతి చెప్పాడు. అక్కడివాళ్లు చలికాలాన్ని మూడు ముక్కలు చేస్తారట. డిసెంబరు 21న మొదలయ్యే నలభై రోజులు చిల్లై కలాన్. అంటే పెద్ద చలి. తర్వాత ఇరవై రోజులు చిల్లై ఖుర్ద్. చిన్న చలి. ఆఖరి పది రోజులు చిల్లై బచ్చా. అంటే పసి చలి. మనం శివశివా అంటున్న రోజుల్లో వాళ్లకి ఇంకా పసి చలి నడుస్తూ ఉంటుంది. ఆ పసిదే కొండదారులు మూసేసేంత మంచు కురిపించగలదు.

మంచు అన్నాను కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. మన భాషలో మంచు అనే ఒక్క మాటతో చాలా పనులు చేసుకుంటాం. గడ్డి మీద చుక్కలుగా నిలిచేదీ మంచే. పొద్దున్నే దారి కనపడకుండా చేసేదీ మంచే. కాశ్మీరులో దూదిలా రాలేదీ మంచే. సూచన వినేటప్పుడు ఈ తేడా పట్టుకోవాలి. పొగమంచు అంటే దారి కనపడనిది. హిమపాతం లేదా మంచు కురవడం అంటే ఆకాశం నుంచి రాలేది. ఉత్తరాదిన దట్టమైన మంచు అని వినగానే కొడుకు మంచుగడ్డల మధ్య ఉన్నాడని కంగారు పడ్డ తల్లుల్ని నేను చూశాను. అక్కడ ఉన్నది పొగమంచు మాత్రమే.

ఈ చలికాలపు వానలూ, హిమపాతమూ ఎక్కణ్ణుంచి వస్తాయి? మనకి వానంటే నైరుతి, లేకపోతే ఈశాన్యం. తూర్పున బంగాళాఖాతం, పడమట అరేబియా సముద్రం. ఉత్తరాది చలికాలపు వాన మాత్రం చాలా దూరం నుంచి వస్తుంది. మధ్యధరా సముద్రం వైపు పుడుతుంది. ఇరాన్, అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్ మీదుగా పైగాలుల వెంట తూర్పుకి నడుచుకుంటూ వస్తుంది. వెస్టర్న్ డిస్టర్బెన్స్ అంటారు. మన వార్తల్లో పశ్చిమ అవాంతరం అని చెప్తున్నారు. పేరు కంగారుపెట్టేలా ఉంది. కానీ పంజాబు గోధుమ రైతు దానికోసం ఎదురుచూస్తాడు. చలికాలంలో నెలకి సుమారు నాలుగు నుంచి ఆరు దాకా వస్తూ ఉంటాయి. హిమాలయాల మీద మంచు పరుస్తాయి. పంజాబు, హర్యానా పైర్లకి ఒక తడి ఇస్తాయి. ఆ కొండల మంచే ఎండాకాలంలో కరిగి నదులకి నీరవుతుంది.

దానికీ మనకీ ఏమిటి సంబంధం అనుకోకండి. ఉంది. పశ్చిమ అవాంతరం వచ్చే ముందు ఉత్తరాదిన మబ్బు పడుతుంది. రాత్రిపూట మబ్బు నేలకి దుప్పటి. నేల వేడిని పైకి పోనివ్వదు. అందుకని ఆ రెండు రాత్రులు చలి తగ్గుతుంది. అది దాటిపోయాక దుప్పటి లాగేసినట్టే. ఆకాశం నిర్మలమవుతుంది. కొండల మంచు మీదుగా ఉత్తరపు గాలి దిగుతుంది. ఆ గాలి ఢిల్లీతో ఆగదు. మధ్యప్రదేశ్, విదర్భ దాటి ఒకటి రెండు రోజుల్లో మన ఆదిలాబాద్ తలుపు తడుతుంది. కాబట్టి జాతీయ సూచనలో వాయవ్య భారతంలో రాత్రి ఉష్ణోగ్రతలు తగ్గుతాయని విన్నారా? ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు ఉన్నవాళ్లు ఆ మాట తమకి కూడా అనుకోవచ్చు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో లంబసింగి, అరకు వెళ్దామనుకునేవాళ్లు ఇంకో స్వెటరు సంచిలో వేసుకోవచ్చు.

ఒక చిన్న మాట. సూచనలో చెప్పే ఉష్ణోగ్రత నేలమీద తీసింది కాదు. సుమారు నాలుగడుగుల ఎత్తున, తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో, నీడలో ఉన్న థర్మామీటరు చెప్పింది. ప్రశాంతమైన చలిరాత్రి నేల అంతకంటే చల్లగా ఉంటుంది. థర్మామీటరు మూడో నాలుగో డిగ్రీలు చూపిస్తుండగానే లంబసింగి గడ్డి మీద తెల్లటి పొర కనిపించడానికి కారణం అదే. నారుమళ్లు ఉన్నవాళ్లు, లేత మొక్కలు పెంచేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంకో సంబంధం రైళ్లది. ఢిల్లీలో పొగమంచు పడితే సికింద్రాబాదులో మనవాళ్లు ప్లాట్‌ఫారం మీద కూర్చోవాలి. ఎందుకంటే ఢిల్లీ నుంచి ఆలస్యంగా వచ్చిన బోగీలే ఊడ్చి, కడిగి, మళ్లీ ఢిల్లీకి పంపాలి. ఇక్కడ ఎండ ఫెళ్లున కాస్తూ ఉండవచ్చు. ఆలస్యం మాత్రం అక్కడి మంచుదే. అందుకని ఉత్తరాదికి ప్రయాణం పెట్టుకున్నవాళ్లు మన జిల్లా వాతావరణం కాదు, ఉత్తరప్రదేశ్, ఢిల్లీ పొగమంచు సూచన వినండి. పొగమంచుకీ లెక్కలున్నాయి. కిలోమీటరు లోపలే చూపు ఆగిపోతే పొగమంచు. రెండు వందల మీటర్లలోపు ఆగితే దట్టమైన పొగమంచు. యాభై మీటర్లు కూడా కనపడకపోతే అతి దట్టమైనది. యాభై మీటర్లంటే సుమారుగా మన వీధిలో ఒక కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభం. ఆ పక్క స్తంభం కనపడడం లేదంటే బండి తియ్యకండి. మన విజయవాడ, హైదరాబాద్ రహదారి మీద కూడా ఈ రోజుల్లో తెల్లవారుజామున అలాంటి గంటలు వస్తాయి. ఎండ పొడ వచ్చేదాకా టీ తాగుతూ కూర్చున్నా నష్టం లేదు.

మరి మన దగ్గర ఫిబ్రవరిలో వాన ఎందుకు పడుతుంది? సూచనలో రెండు మాటలు తరచు వస్తాయి. ద్రోణి, ఉపరితల ఆవర్తనం. భయపడాల్సిన మాటలు కావు. ద్రోణి అంటే పొలంలో బోదె అనుకోండి. చుట్టూ గట్టు ఎత్తుగా ఉండి మధ్యలో పల్లంగా ఉంటుంది. గాలి ఒత్తిడి అలా ఒక గీత వెంట తగ్గి ఉంటుంది. బోదెలోకి నీళ్లు చేరినట్టు ఆ గీత వైపు బంగాళాఖాతం తేమ చేరుతుంది. ఆవర్తనం అంటే కవ్వం తిప్పిన మజ్జిగ. నేలమీద కాదు. పైన కిలోమీటరు, ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున గాలి అలా సుడి తిరుగుతుంది. తేమగాలి పైకి లేస్తుంది. పైన చల్లటి పడమటి గాలి తగిలితే ఉరుములు, ఒక్కోసారి వడగళ్లు. ఈ కాలంలో మన తెలంగాణలో వడగళ్లు పడ్డాయంటే తరచు ఇదే కథ.

ఇక ఎన్ని చోట్ల అనే మాట. దీన్ని చాలామంది వినీ విననట్టు వదిలేస్తారు. సూచనలో ఒకటి రెండు చోట్ల అంటారు. కొన్ని చోట్ల అంటారు. అనేక చోట్ల అంటారు. దాదాపు అన్ని చోట్లా అంటారు. ఇవి ఊరికే అన్న మాటలు కావు. ప్రతిదానికీ ఒక కొలత ఉంది. మీ వీధిలో నాలుగు ఇళ్లున్నాయనుకోండి. ఒకటి రెండు చోట్ల అంటే ఆ నాలుగిళ్లలో ఒక ఇంటి వాకిలి తడవచ్చు. నూటికి ఇరవై ఐదు వంతులకు మించదన్నమాట. కొన్ని చోట్ల అంటే రెండిళ్ల దాకా. అనేక చోట్ల అంటే మూడిళ్ల దాకా. దాదాపు అన్ని చోట్లా అంటే వీధంతా తడుస్తుంది. ఫిబ్రవరిలో మనకి ఎక్కువగా వినిపించేది ఒకటి రెండు చోట్ల అనే మాటే. ఆ మాట విన్నాక మీ ఇంటి ముందు వాన పడకపోతే సూచన తప్పిందని అనకండి. పక్క మండలంలో పడి ఉండవచ్చు. అలాగే మీ ఇల్లు ఆ ఒక్క ఇల్లు కాదని ధీమాగా కూర్చోకండి.

ఈ ధీమా ఎంత పని చేస్తుందో మా ఇంట్లోనే చూశాం. పల్నాడులో మా బాబాయికి మిర్చి పొలం ఉంది. కొన్నేళ్ల కిందటి మాట. సరిగ్గా ఈ రోజులే. రెండో కోత కాయ కల్లంలో పోసి ఉంది. ఎర్రగా, మెట్ట మీద తివాచీ పరిచినట్టు. ఈ కాలంలో రైతు రోజూ సాయంత్రం కాయని కుప్ప చేసి పట్టా కప్పుతాడు. వాన లేకపోయినా రాత్రి మంచుకి తడవకూడదని. ఆ సాయంత్రం కూలీలు దొరకలేదు. బాబాయి ఒక్కడే ఉన్నాడు. నడుంనొప్పి. ఫోనులో ఒక కబురు వచ్చి ఉంది. వచ్చే నాలుగు రోజులు పొడి వాతావరణం, రైతులు నిశ్చింతగా ఉండవచ్చు అని. ఎవరో మంచి మనసుతోనే పంపారు. దాన్ని చూసి బాబాయి కాయని అలాగే వదిలేశాడు. మంచు పడితే పడనీ, పొద్దున ఎండకి ఆరుతుందిలే అనుకున్నాడు.

రాత్రి రెండు గంటల వేళ ఉరిమింది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. టార్చిలైటు పట్టుకుని పరిగెత్తాం. గాలికి పట్టా చేతిలో ఆగలేదు. ఒక అంచు పట్టుకుంటే ఇంకో అంచు లేచిపోతోంది. పిన్ని పట్టా మీద మోకాళ్లతో కూర్చుంది. వాన పడింది ఇరవై నిమిషాలే. కాయ కింద నీళ్లు చేరాయి. వారం తిరిగేసరికి ఆ కాయలో చాలా భాగం తెల్లబారింది. మిర్చి రైతులు దాన్ని తాలు అంటారు. తాలు కాయకి యార్డులో మంచి కాయ ధర ఎక్కడొస్తుంది?

పొద్దున ఆ కబురు మళ్లీ తెరిచి చూశాను. దానిమీద తేదీ లేదు. వేళ లేదు. కింద నుంచి వెతుక్కుంటూ పోతే తేలింది, అది ఆరు రోజుల కిందటిది. ఒకరి నుంచి ఒకరికి తిరిగి తిరిగి ఆ సాయంత్రానికి బాబాయి ఫోనుకి చేరింది. అది పుట్టిన రోజున అది నిజమే. చెప్పిన నాలుగు రోజులూ పొడిగానే ఉన్నాయి కూడా. ఐదో రోజున ద్రోణి వచ్చింది. ఆ ముందురోజు సాయంత్రం సూచనలో ఉరుములతో తేలికపాటి వాన, ఒకటి రెండు చోట్ల అని చెప్పనే చెప్పారు. ఆ పూట రేడియో ఎవరూ పెట్టలేదు.

అందుకే అంటున్నాను. వాతావరణ సూచన ఆకుకూర లాంటిది. తప్పు సూచన వల్ల జరిగిన నష్టం కంటే వాడిపోయిన సూచన వల్ల జరిగిన నష్టం మన ఊళ్లలో ఎక్కువని నా నమ్మకం.

సూచన ఎందుకు వాడిపోతుంది? వాతావరణ శాఖ వాళ్లకి తెలియకనా? కాదు. ఎలా తయారవుతుందో చూస్తే అర్థమవుతుంది. రోజుకి రెండుసార్లు, తెల్లవారుజామునా సాయంత్రమూ, ఐదున్నర లెక్కకి, ప్రపంచమంతా ఒకే వేళకి గాలిబుడగలు ఎగరేస్తారు. మన దగ్గర హైదరాబాద్, విశాఖపట్నం, మచిలీపట్నం నుంచి ఎగరేస్తారు. పెద్ద తెల్ల బుడగ. దానికి వేలాడుతూ చిన్న పెట్టె. అది ఇరవై ముప్పై కిలోమీటర్ల ఎత్తు దాకా పోతూ వేడి ఎంత, తేమ ఎంత, గాలి ఎటు అని కిందికి కబురు పంపుతూనే ఉంటుంది. ఆపైన రాడార్లు. ఆపైన ఉపగ్రహాలు. 2024 ఫిబ్రవరి 17 సాయంత్రం మన శ్రీహరికోట నుంచే ఇన్సాట్-3డీఎస్ పైకి వెళ్లింది. వాతావరణం చూడడమే దాని పని. ఈ కబుర్లన్నీ పెద్ద కంప్యూటర్లలో పోసి లెక్కకడతారు. 2025 మే నెలలో మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ దేశాన్ని ఆరు కిలోమీటర్ల గళ్లుగా చూస్తుంది. అంతకుముందు గడి పన్నెండు కిలోమీటర్లు ఉండేది.

ఎంత చిన్న గడి వేసినా, గడికీ గడికీ మధ్య ఏదో ఒక చిన్న తేడా మిగిలిపోతుంది. ముగ్గు వేసే అమ్మాయిల్ని అడగండి. మొదటి వరసలో ఒక్క చుక్క కాస్త పక్కకి పడింది. అప్పుడు కనపడదు. పదిహేను చుక్కల ముగ్గు సగమయ్యేసరికి గీత గీతకి కలవదు. వాతావరణమూ అంతే. 1961 శీతాకాలంలో అమెరికాలో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త కంప్యూటరులో వాతావరణం లెక్క కడుతున్నాడు. ఒక లెక్క మళ్లీ వేద్దామని మధ్యలోంచి అంకె ఎక్కించాడు. అసలు అంకె 0.506127. కాగితం మీద అచ్చయింది 0.506. ఆయన కాగితం మీదదే కొట్టాడు. తేడా వెయ్యోవంతులోపు. మొదట రెండు లెక్కలూ కలిసే నడిచాయి. తర్వాత కొంచెం కొంచెంగా విడిపోయాయి. చివరికి ఒకదానికీ ఇంకోదానికీ పోలికే లేదు. ఒక్క చుక్క పక్కకి పడ్డ ముగ్గు.

కాబట్టి మొదటి రోజు సూచన గట్టిది. రెండో రోజుది నమ్మదగ్గది. మూడో రోజుది మళ్లీ విని ఖాయం చేసుకోవలసింది. ఇక్కడ మళ్లీ మా అమ్మ వడియాల దగ్గరికి వద్దాం. ఆవిడ సాయంత్రం సూచన వింటుంది. రేపు, ఎల్లుండి పొడిగా ఉంటుందంటే కాయ కోస్తుంది. మర్నాడు సాయంత్రం మళ్లీ వింటుంది. మూడో రోజుకి మబ్బు అని తెలిస్తే అప్పుడు ఏం చేస్తుంది? రెండో రోజు మధ్యాహ్నానికే తిరగేస్తుంది. మూడో రోజు మబ్బు పట్టినా లోపల ఫ్యాను కింద ఆరేస్తుంది. కాయ పోలేదు, పప్పు పోలేదు. ఆవిడ చేసిందల్లా ఒక్కటే. ఒకసారి విని ఊరుకోలేదు. రెండోసారి విన్నది.

మామిడి రైతుకీ ఇదే లెక్క. ఇప్పుడు నూజివీడు వైపు తోటలు పూత మీద ఉన్నాయి. కొన్ని పిందె కడుతున్నాయి. మబ్బు, పొగమంచు కలిసి వచ్చాయంటే తేనెమంచు పురుగు, బూడిద తెగులు కాచుకుని ఉంటాయి. మందు కొట్టాలి. కానీ మందు కొట్టాక కొన్ని గంటలైనా వాన పడకూడదు. డబ్బు కడుక్కుపోతుంది. ఏ మందు, ఎంత అనేది మీ వ్యవసాయాధికారిని, ఉద్యానాధికారిని అడగండి. ఏ పూట కొట్టాలి అనేది మాత్రం ఆ పూట సూచన చెప్తుంది. ప్రతి మంగళవారం, శుక్రవారం జిల్లాల వారీగా వ్యవసాయ వాతావరణ సలహాలు వస్తాయి. స్మార్ట్‌ఫోను ఉన్నవాళ్లు మేఘదూత్ యాప్‌లో తెలుగులోనే చూడవచ్చు. ఉరుములు వినిపిస్తుంటే పిడుగుల కోసం దామిని యాప్ ఉంది. పొలంలో ఉన్నవాళ్లు చెట్టుకిందికి మాత్రం వెళ్లకండి.

రంగుల సంగతి కూడా చెప్పాలి. పసుపు హెచ్చరిక, నారింజ హెచ్చరిక, ఎరుపు హెచ్చరిక అని వింటుంటారు. రేడియోలో రంగు కనపడదు. కాబట్టి ఇలా గుర్తుపెట్టుకోండి. పొయ్యి మీద పాలు పెట్టారు. ఆ దగ్గరే ఉండి ఓ కన్ను వేసి ఉంచడం పసుపు. పొంగు అంచుదాకా వస్తోంది. మసిగుడ్డ చేతిలోకి తీసుకోవడం నారింజ. గిన్నె దించెయ్యడం ఎరుపు. ఆకుపచ్చ అంటే హెచ్చరిక ఏమీ లేదని. పసుపు అనగానే కంగారు అక్కర్లేదు. అలాగని పొయ్యి దగ్గర్నుంచి లేచి వెళ్లిపోకూడదు.

చలి గురించి కూడా రెండు మాటలు. మనకి వణుకు పుట్టగానే శీతల గాలులు అనేస్తాం. వాతావరణ శాఖ అలా అనదు. మైదానంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో అంతకంటే కిందికో దిగాలి. అదీ సాధారణం కంటే 4.5 డిగ్రీలు తక్కువగా ఉండాలి. సాధారణం అంటే ఏమిటి? ఆ తేదీకి, ఆ ఊరికి, ముప్పై ఏళ్ల సగటు. ఇప్పుడు వాడుతున్నది 1991 నుంచి 2020 దాకా లెక్కకట్టింది.

ఆ సాధారణం ఈమధ్య నిలకడగా లేదు. ఇది నన్ను నిజంగా కలవరపెడుతోంది. 2025 ఫిబ్రవరిలో దేశం సగటు ఉష్ణోగ్రత 22.04 డిగ్రీలు. 1901 నుంచి లెక్కలున్నాయి. అప్పటిదాకా అన్నేళ్ల ఫిబ్రవరి నెలల్లో అంత వేడి ఫిబ్రవరి లేదు. అంతకు రెండేళ్ల ముందు, 2023 ఫిబ్రవరిలో పగటి ఉష్ణోగ్రతల రికార్డు పోయింది. కర్నూలు, అనంతపురం వాళ్లకి ఫిబ్రవరి ఆఖర్లో 35 డిగ్రీలు దాటడం కొత్త కాదు. పంజాబు గోధుమకి కొత్త. గింజ పాలు పోసుకునే రోజుల్లో ఎండ ముదిరితే గింజ నొక్కుకుపోతుంది. 2022 మార్చిలో అదే జరిగింది. దిగుబడి దెబ్బతింది. ధరలు పెరిగాయి. మే 13న కేంద్రం గోధుమ ఎగుమతి ఆపేసింది. మన ఇంట్లో చపాతీ పిండి కొనే ప్రతివారికీ ఆ మార్చి ఎండ తగిలినట్టే.

అందుకే ఈ కాలపు జాతీయ సూచనలో చలి ఒక్కటే వినకండి. పగటి ఉష్ణోగ్రత సాధారణం కంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువ అని చెప్పేది కూడా వినండి. నాలుగైదు డిగ్రీలు ఎక్కువ అన్నారంటే గోధుమ రైతు సాయంత్రం పూట తేలికగా ఒక తడి పెట్టుకుంటాడు. మన దగ్గర మధ్యాహ్నం ఎండలో పనిచేసే కూలీల వేళలు ముందుకి జరపాలి. ఇంట్లో పెద్దవాళ్లుంటే రాత్రి దుప్పటితో పాటు పగటి మజ్జిగ సంగతీ చూడాలి.

ఇంకొక్క సంగతి. వాతావరణ శాఖ రోజు మన రోజులా అర్ధరాత్రి మొదలుకాదు. పొద్దున ఎనిమిదిన్నరకి మొదలై మర్నాడు ఎనిమిదిన్నరకి ముగుస్తుంది. బుధవారం వాన అని చెప్తే అది గురువారం తెల్లవారుజామున పడ్డా వాళ్ల లెక్కలో బుధవారం వానే. బుధవారం గడిచిపోయింది, వాన రాలేదని ఆ రాత్రి పట్టా తీసెయ్యకండి. కల్లం తడిసేది చాలాసార్లు ఆ తెల్లవారుజామునే.

జాతీయ సూచన రోజుకి నాలుగుసార్లు కొత్తది వస్తుంది. నాలుగూ వినమని నేను అడగను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వినండి. పొద్దున విన్నది ఆ పగలు చేసే పని కోసం. సాయంత్రం విన్నది ఆ రాత్రి కోసం, మర్నాటి కోసం.

బాబాయి ఇప్పుడు అదే చేస్తున్నాడు. కల్లంలో రాటకి రేడియో వేలాడుతూ ఉంటుంది. సాయంత్రం సూచన అయ్యేదాకా కూలీల్ని ఇంటికి పంపడు. వాన లేదన్నా సరే, పట్టా మడిచి కుప్ప పక్కనే పెట్టుకుంటాడు. నాలుగు మూలలకీ రాళ్లు సిద్ధంగా ఉంటాయి. పిన్ని మాత్రం ఫోను చేతిలోకి తీసుకుంది. ఎవరు వాన కబురు పంపినా తిరిగి ఒక్కటే అడుగుతుంది. ఇది ఏ రోజుది, ఏ పూటది అని.

శ్రోతలకు నా మనవి కూడా అదే. మీ ఫోనుకి వచ్చిన వాన కబురు, ఎండ కబురు ఏదైనా సరే, ఇంకొకరికి పంపే ముందు దానిమీద తేదీ, వేళ ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే పంపకండి.